పైసా పెట్టని గుర్రం

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు చూపించాల్సినవాటి జాబితా ఇక్కడి తెలుగిళ్ళలో దాదాపు ఒకటే. నయాగరా, న్యూయార్క్, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి. ఆగస్టు దాటేసరికి మేం మూడూ ముగించాం. ఎంగిలిపూల బతుకమ్మ నాడు, పూలు పేర్చి అలిసిపోయి టీ తాగుతుంటే, "ఇంకేమన్న చూడాల్నని ఉందా బాపూ?" అని మాటవరసకు అడిగాను. బాపు గ్లాసు కింద పెట్టి, "కెంటకీల ఒక గుర్రం ఉన్నది" అన్నాడు.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కాస్త గట్టిగానే మోగాయి.

ఆ మోతకు ముప్పై ఏళ్ళ చరిత్ర ఉంది. మేముండేది సైదాబాద్‌లో, మలక్‌పేట రేసుకోర్సుకు నడిచిపోయే దూరంలో. ఆరో నిజాం కాలంలో, 1886లో, రేసులు మలక్‌పేటకు వచ్చాయి. మా బాపు 1978లో వచ్చాడు. రేసులాడే మగవాడి ఇల్లు ఎట్లుంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. బాపు ఎక్కడికి పోయొచ్చాడో అమ్మ ఎప్పుడూ అడిగేది కాదు. రాత్రి బట్టలు నానబెట్టేటప్పుడు చొక్కా జేబులు తిరగేసేది. చింపిన చీటీలు దొరికేవి. రెండు జతల గాజులు తాకట్టుకు పోయాయి. ఒక జతే తిరిగొచ్చింది.

కెంటకీ గుర్రం సంగతి వేరు. దాని పేరు సిల్వర్ చార్మ్. 1998 మార్చి 28న దుబాయ్ వరల్డ్ కప్ గెలిచింది. జగిత్యాల నుంచి పోయి అక్కడ మేస్త్రీ పని చేసే మా చిన్నాయన ఆ రోజు నాద్ అల్ షీబా మైదానంలో ఉన్నాడు. జనానికి టికెట్ లేదు కాబట్టి, క్యాంపులో పడుకోవడం కంటే నయమని పోయాడట. అమెరికా నుంచి వచ్చిన బూడిదరంగు గుర్రం ముందుంటే, షేక్‌ల గుర్రం స్వెయిన్ చివర్లో దూసుకొచ్చి పక్కకు చేరింది. సిల్వర్ చార్మ్ లొంగలేదు. ముక్కంత తేడాతో గెలిచింది. చిన్నాయన టీవీలోంచి క్యాసెట్ ఎక్కించి, సెలవుకు వచ్చే ఎవరి చేతికో ఇచ్చి పంపాడు. అది అరిగి గీతలు పడేదాకా బాపు చూశాడు.

దాని మీద బాపు పందెం కట్టలేదు. కట్టే దారే లేదు, దుబాయ్‌లో పందేలు నిషేధం, మలక్‌పేటకు ఆ గుర్రం రాదు. "పైసలు పెట్టకుంట చూసిన గుర్రం గదొక్కటే బిడ్డా" అంటాడు.

మా ఆయన, పిల్లాడికి సాకర్ మ్యాచ్ ఉందని ఇంట్లోనే ఉండిపోయాడు. అమ్మ కూడా రానంటుందనుకున్నా. "నేను రాకపోతే ఆయన జేబు ఎవరు చూస్తరు?" అని ముందు సీట్లో కూర్చుంది.

2019 అక్టోబర్ 10, గురువారం – లెక్సింగ్టన్

ఇప్పుడు మేముండే కొలంబస్ నుంచి మూడు గంటల పైచిలుకు. సిన్సినాటి దగ్గర ఒహాయో నది దాటితే కెంటకీ. నది మీద ఉండగానే అమ్మ సర్వపిండి పొట్లం విప్పింది. లెక్సింగ్టన్ దగ్గరపడేకొద్దీ రోడ్డుకు రెండు వైపులా నల్లరంగు చెక్క కంచెలు, వాటి మధ్య గుర్రాలు. "బ్లూగ్రాస్ అంటివి, నీలం ఏది?" అంది అమ్మ. నీలం మాట దేవుడెరుగు, పచ్చ కూడా లేదు. సెప్టెంబరంతా చినుకు పడక గడ్డి మన వేసవి చేలగట్లలాగా ఎండిపోయి ఉంది.

నేరుగా కీన్‌లాండ్ రేసుకోర్సుకే పోయాం. అక్టోబర్‌లో అక్కడ రేసులు. బాపు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడిగి, వెనక సీట్లో నలగకుండా నిటారుగా కూర్చుని వచ్చాడు. దిగి చూస్తే అందరూ అట్లాగే ఉన్నారు. కాలేజీ కుర్రాళ్ళు కోట్లు, బో టైలు, ఆడపిల్లలు పెళ్ళికి వచ్చినట్టు. రాతిగోడల మీద తీగలు, పెద్ద పెద్ద చెట్లు, ఎక్కడా ప్రకటనల బోర్డుల గోల లేదు. 1936లో మొదలైన ఈ మైదానంలో 1997 దాకా రేసు నడుస్తుండగా మైకులో చెప్పేవాళ్ళే లేరట. ఏ గుర్రం ముందుందో మీ కళ్ళతో మీరే చూసుకోవాలి. బాపుకు అది భలే నచ్చింది. "గదీ పద్ధతి" అన్నాడు.

రేసుకు ముందు గుర్రాలను చెట్ల కింద తిప్పుతారు. అక్కడ బాపు వేరే మనిషైపోయాడు. మోకాళ్ళ నొప్పని ఇంట్లో మెట్లు దిగనివాడు కంచె పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాడు. చుట్టూ అందరూ ఫోన్లలో అంకెలు చూస్తుంటే ఆయన కాళ్ళు చూస్తున్నాడు. "ఆ నాలుగో నంబరు చూడు. వెనకకాళ్ళ సందుల నురగ. గది ఈడ్నే పరుగెత్తింది, ఇంకేం పరుగెత్తుతది." నాలుగో నంబరు నిజంగానే ఆఖరున వచ్చింది. అమ్మ విననట్టే ఉంది కానీ, తర్వాతి రేసుకు గుర్రాల వెనకకాళ్ళ వైపు చూడటం నేను చూశాను.

రెండు డాలర్లతో పందెం కట్టొచ్చు. అమ్మ నాలుగు డాలర్లు మంజూరు చేసింది. బాపు నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఏడో నంబరు మీద రెండు డాలర్లు "ప్లేస్" కట్టించాడు. గుర్రం మూడోది వచ్చింది. బాపు చీటీ పట్టుకుని హుషారుగా కిటికీకి పోయాడు. లోపలి ముసలాయన చీటీని మెషీన్‌లో పెట్టి, తలడ్డంగా ఊపి తిరిగిచ్చాడు. బాపుకు అర్థం కాలేదు. మనకు ఎనిమిది గుర్రాలు పరుగెత్తితే మూడోదాకా ప్లేసే. ఇక్కడ ప్లేస్ అంటే మొదటి రెండే, మూడోది కూడా లెక్కలోకి రావాలంటే "షో" కట్టాలి. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి మొదటి దెబ్బ భాషలో తగిలింది. ముసలాయన సానుభూతిగా, ఇంగ్లండ్ నుంచి వచ్చేవాళ్ళూ ఇట్లాగే పోగొట్టుకుంటారని చెప్పాడు. ఇంగ్లండ్ పేరు చెప్పాక బాపు కొంత తేరుకున్నాడు.

మిగిలిన రెండు డాలర్లు తర్వాతి రేసులో షో. ఈసారి గుర్రం రెండోది వచ్చింది. రెండు డాలర్లకు 3 డాలర్ల 60 సెంట్లు. "తెచ్చుకుందాం పద" అంటే, "తర్వాత తీయ్" అని చీటీని జేబులో పెట్టుకున్నాడు. ఆ హడావుడిలో నేనూ మరిచిపోయాను.

తిండి దగ్గర ఇంకో కథ. ఇక్కడి ప్రసిద్ధ వంట బర్గూ. మాంసం, మొక్కజొన్న, బంగాళదుంపలు కలిపి గంటలకొద్దీ ఉడికించే చిక్కటి కూర. గిన్నెలోకి తొంగిచూసి బాపు "హలీం చెల్లె లెక్కున్నది" అన్నాడు కానీ, అందులో బీఫ్ ఉందన్నారు, వదిలేశాం. బ్రెడ్ పుడ్డింగ్ తీసుకున్నాం. మన డబుల్ కా మీఠాకు దూరపు చుట్టం. పైన వేడివేడిగా తియ్యటి పులుసు పోసిచ్చారు. అమ్మ తనది తిని నాదాంట్లో సగం తిన్నది. ఆ పులుసు బర్బన్ విస్కీతో చేస్తారని రాత్రి మోటల్‌కు వచ్చాక చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, "ఉడికిస్తే పోతది గద" అంది.

రేసుల రోజులని మోటల్ గదికి 139 డాలర్లు గుంజారు. టీ పెట్టుకునే కెటిల్ లేదు.

అక్టోబర్ 11, శుక్రవారం – పారిస్

పారిస్ అంటే కెంటకీ పారిస్. లెక్సింగ్టన్ నుంచి అరగంట. దారి మొత్తం సున్నంలేని రాతిగోడలు, వాటి మీదికి వంగిన చెట్లు. ఎదురొచ్చే ట్రక్కువాళ్ళు స్టీరింగ్ మీది నుంచి ఒక వేలెత్తుతారు. మొదట ఏం తప్పు చేశానో అని భయపడ్డా. అది పలకరింపు. మూడో ట్రక్కు నుంచి బాపు కూడా వెనక సీట్లోంచి వేలెత్తడం మొదలుపెట్టాడు.

ఇక్కడి క్లైబోర్న్ ఫామ్‌లో సెక్రటేరియట్ అనే రేసుగుర్రం సమాధి ఉంది. ఈ పేరుతో మా ఇంట్లో చిన్నప్పటి జోకు ఒకటుంది. "సెక్రటేరియట్ 31 లెంత్‌ల తేడాతో గెలిచింది" అని బాపు ఎవరితోనో అంటుంటే విని, ఉద్యోగుల ఆటలపోటీలేమో అనుకుందట అమ్మ. అసలు సంగతి ఆ ఊహకు మరీ దూరం కూడా కాదు. ఆ గుర్రం యజమానుల ఆఫీసులో సెక్రటరీగా పనిచేసిన ఎలిజబెత్ హామ్ సూచించిన పేరది. లెంత్ అంటే ఒక గుర్రమంత పొడవు. ఆ 31 లెంత్‌ల రేసు 1973 బెల్మాంట్. మైలున్నర దూరం, 2 నిమిషాల 24 సెకన్లు. మట్టి ట్రాక్ మీద ఆ దూరాన్ని అంతకంటే వేగంగా ఇప్పటికీ ఏ గుర్రమూ పరుగెత్తలేదు.

సమాధులు ఆఫీసు వెనక, చిన్న కంచె లోపల. అమీనుపీరు దర్గాలాగా ఏదో పెద్దది ఊహించుకున్నాడు బాపు. మోకాలెత్తు రాయి, పేరు, 1970, 1989. అంతే. మామూలుగా ఇక్కడ రేసు గుర్రం చనిపోతే తల, గుండె, గిట్టలు మాత్రమే పూడుస్తారు. దీన్ని మాత్రం నిండు దేహంగా పూడ్చారు. శవపరీక్ష చేసిన డాక్టరు గుండెను తూచలేదు, 22 పౌన్లుంటుందని అంచనా వేశాడు. అంటే పది కిలోలు. మామూలు గుర్రానిది అందులో సగం కూడా ఉండదు. "పది కిలోల గుండె" అని అమ్మకు చెబితే, చేతులతో అంత గుమ్మడికాయను కొలిచి చూసుకుంది.

రాయి ముందు ఎండిన గులాబీల గుత్తి ఒకటి ఉంది. అది చనిపోయింది అక్టోబర్ 4న. అంటే సరిగ్గా వారం కిందట ముప్పై ఏళ్ళు నిండాయి. ఎవరో గుర్తుపెట్టుకుని వచ్చి పోయారు.

ఇక్కడ బాపు నాకొక సంగతి చెప్పాడు, సమాధి వైపు చూస్తూనే. ఆ బెల్మాంట్ రేసులో సెక్రటేరియట్ మీద కట్టినవాళ్ళకు రెండు డాలర్లకు 2 డాలర్ల 20 సెంట్లు వచ్చాయి. అది ఓడుతుందని ఎవరూ అనుకోలేదు మరి. కానీ గెలిచిన చీటీల్లో 5,617 చీటీలను ఎవరూ మార్చుకోనేలేదు, దాచుకున్నారు. "ఇరవై సెంట్ల కోసం ఎవరు లైన్ల నిలబడ్తరు" అన్నా నేను. బాపు నావైపు జాలిగా చూశాడు.

మధ్యాహ్నం కెంటకీ హార్స్ పార్క్‌కు పోయాం. పెద్దది, పిల్లలతో పోయేవాళ్ళకు బాగుంటుంది. మాకు మిగిలింది మ్యాన్ ఓ వార్ కంచు విగ్రహం ఒక్కటే. 21 రేసుల్లో 20 గెలిచింది. ఓడిన ఆ ఒక్కటీ 1919లో, 'అప్‌సెట్' అనే గుర్రం చేతిలో. దాన్ని చూసుకున్న సైసు విల్ హార్బట్. ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళందరికీ ఆ గుర్రం కథ హరిదాసులా వినిపించేవాడట. 1947 అక్టోబర్‌లో ఆయన పోయాడు, నవంబర్ 1న గుర్రం పోయింది. "నెల కూడ ఉండలేదు" అని అమ్మ మెల్లగా అంది. ఈ ప్రయాణంలో ఆమె గుర్రం గురించి తిట్టకుండా మాట్లాడిన మొదటి మాట అది.

అక్టోబర్ 12, శనివారం – జార్జిటౌన్

రాత్రికి రాత్రే చలి దిగింది. బాపు కోతిటోపీ పెట్టుకున్నాడు, అమ్మ చీర మీద నా కోటు వేసుకుంది.

జార్జిటౌన్ పక్కన 'ఓల్డ్ ఫ్రెండ్స్' అని, రిటైరైన రేసు గుర్రాల ఆశ్రమం. ఫోన్ మాట విని పోతే ఒక ఇనుపగేటు ముందు "చేరుకున్నారు" అంది. గేటుకు తాళం. కారు వెనక్కి తిప్పుతుంటే కాలవలో దిగబోయింది. లోపలి నుంచి ట్రాక్టర్ మీద ఒకతను వచ్చాడు. ఎవరు మీరు, ఏం పని అని అడగలేదు. "ఏ గుర్రం కోసం?" అన్నాడు. చెప్పాను. బాపు వైపు చూసి, టోపీ అంచు తాకి, దారి చెప్పాడు. రెండు మైళ్ళు వెనక్కి.

అక్కడ మా గుంపులో పదిమంది ఉన్నాం. ముగ్గురికీ యాభై ఇస్తే చిల్లర వచ్చింది. చూపించేవాళ్ళు జీతగాళ్ళు కారు, ఊరికే వచ్చి పనిచేసేవాళ్ళు. మాకు వచ్చినామె పోస్టాఫీసులో చేసి రిటైరైంది. చేతిలో క్యారెట్ ముక్కల బకెట్. నియమాలు రెండే: ఆమె చెప్పిన గుర్రానికే పెట్టాలి, వేళ్ళు మడవకూడదు.

ముందు ఒక తెల్లటి గుర్రం వచ్చింది. నా నడుమెత్తు కూడా లేదు. కంచె కింది సందులోంచి మూతి బయట పెట్టింది. మెడపట్టీ మీది పేరు చదివి బాపు రంగు మారిపోయింది. "గింతేనా?" అన్నాడు. అది లిటిల్ సిల్వర్ చార్మ్. కబేళాకు పోయేదాన్ని ఈ ఆశ్రమం పెట్టిన మైకేల్ బ్లోయెన్ తప్పించి, తనకిష్టమైన గుర్రం పేరు పెట్టుకున్నాడు. అసలు సిల్వర్ చార్మ్ అప్పుడు వేరే చోట ఉండేది, ఏదో ఒక రోజు ఇక్కడికి వస్తుందని ఆయన కూడా అనుకుని ఉండడు. బోస్టన్ పత్రికలో సినిమా సమీక్షలు రాసుకునే మనిషి, అన్నీ వదిలి 2003లో ఇది పెట్టాడు.

ఎందుకు పెట్టాడో పోస్టాఫీసు ఆమె నడుస్తూ చెప్పింది. ఫెర్డినాండ్ అని 1986 కెంటకీ డెర్బీ గెలిచిన గుర్రం. మరుసటేడు అమెరికాలోకెల్లా మేటి గుర్రమన్నారు. తర్వాత జపాన్‌కు అమ్మారు. పిల్లలు పుట్టించే పనికి గిరాకీ తగ్గాక చేతులు మారింది. 2002లో కబేళాకు పోయింది. ఇక్కడివాళ్ళకు ఆ సంగతి మరుసటేడు గానీ తెలియలేదు. నేను తెలుగులో చెబుతుంటే మధ్యలో బాపు ఆగిపోయాడు. "ఆమెకు చెప్పు బిడ్డా" అని మొదలుపెట్టాడు.

మలక్‌పేటలో ఒక ఎర్ర ఆడగుర్రం ఉండేది. నుదుట తెల్లమచ్చ, వెనక కుడికాలికి తెల్ల సాక్స్. బాపును మూడుసార్లు గెలిపించింది. ఆ డబ్బుతోనే మా ఇంటికి మొదటి ఫ్యాన్ వచ్చింది. తర్వాత అది రేసుపుస్తకంలో కనబడలేదు. నాలుగైదేళ్ళకు షాలిబండలో ఒక బరాత్. పెళ్ళికొడుకు కింద జరీగుడ్డలు కప్పుకున్న గుర్రం. నుదుట మచ్చ. బ్యాండు మోగుతోంది, పటాకులు కాలుస్తున్నారు. బాపు పక్కనే నడుస్తూ పేరు పెట్టి పిలిచాడు. ఒక చెవి ఇటు తిరిగింది.

"అంతే. నేను ఇంటికొచ్చిన" అన్నాడు.

ఈ కథ నేను వినలేదు. అమ్మ మొహం చూస్తే ఆమె కూడా వినలేదు. పోస్టాఫీసు ఆమె గుర్రం పేరేంటని అడిగింది, బాపు చెప్పాడు, ఆమె రెండుసార్లు పలికి సరిచూసుకుంది. ఆ పేరు ఇక్కడ రాయొద్దన్నాడు, రాయను. ఆమె ఏమీ అనకుండా బకెట్లోంచి గుప్పెడు క్యారెట్ తీసి బాపు దోసిట్లో పోసింది.

సిల్వర్ చార్మ్ మేత మేస్తోంది. క్యాసెట్లో చూసిన బూడిదరంగు, ఇనుములాంటి మెడ మా కళ్ళలో ఉన్నాయి. ఎదుట ఉన్నది పూర్తిగా తెల్లగా, ఒళ్ళంతా గోధుమరంగు చుక్కలతో, నడుము కాస్త కిందికి జారిన ఇరవై అయిదేళ్ళ ముసలి గుర్రం. కళ్ళపైన చిన్న దొన్నె పట్టేంత గుంటలు. కింది పెదవి వేలాడుతోంది. బకెట్ చప్పుడు విని తలెత్తి, ఏ తొందరా లేకుండా వచ్చింది. బాపు టోపీ తీసేశాడు.

"అయ్యో, ముసలోడివైనవా" అన్నాడు.

1997లో ఇది డెర్బీ గెలిచింది, ప్రీక్‌నెస్ గెలిచింది. రెండూ తల తేడాతోనే. మొత్తం 24 రేసుల్లో 12 గెలుపులు, దాదాపు 70 లక్షల డాలర్లు. దీన్నీ జపాన్‌కు అమ్మారు. కానీ పాత యజమానురాలు బెవర్లీ లూయిస్ మరిచిపోలేదు, భర్త పోయినా తాను పట్టుబట్టి 2014 డిసెంబర్‌లో వెనక్కి రప్పించింది. ఇవన్నీ గైడ్ చెబుతోంది, నేను తర్జుమా చేస్తున్నా, బాపు వినడం లేదు. దోసిలి చాపి నిలబడ్డాడు. గుర్రం పెదవి ఆడిస్తూ ఒక్కో ముక్కే ఏరుకుంది. మూతి మీది తెల్లవెంట్రుకలకు నారింజరంగు తడి అంటింది. నములుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"మా తమ్ముడు నిన్ను చూసిండు" అన్నాడు బాపు, దానితోనే. "నేను గూడ చూసిన అని చెప్పేటందుకు ఆడు లేడు."

చిన్నాయన పోయి ఆరేళ్ళు. ఇది నేను ఇంగ్లీషులోకి తేలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మాతోపాటు పెన్సిల్వేనియా నుంచి ఒక జంట వచ్చారు, ఏటా వస్తారట. 1997లో బెల్మాంట్‌లో ఉన్నారు. డెర్బీ, ప్రీక్‌నెస్ తర్వాత మూడోదైన ఆ రేసు కూడా గెలిస్తే ట్రిపుల్ క్రౌన్ అంటారు. సిల్వర్ చార్మ్ పక్క గుర్రంతో పోరాడి ముందుకొచ్చింది, ఇంక గీత దగ్గరే. అప్పుడు బయటివైపు దూరంగా టచ్ గోల్డ్ వచ్చింది. ముప్పావు లెంత్ తేడాతో గెలిచింది. "వాడు దాన్ని చూడలేదు, చూసుంటే పోనిచ్చేవాడు కాదు" అన్నాడాయన. ఇరవై రెండేళ్ళయినా ఆయన గొంతు వణికింది. ఆ టచ్ గోల్డ్ కూడా ఇప్పుడు ఇక్కడే ఉంది. ఆయన దానికీ క్యారెట్ పెట్టాడు. కాకపోతే, నేను లెక్కపెట్టాను, ఒక్కటే ముక్క.

వార్ ఎంబ్లమ్ దగ్గరికి మమ్మల్ని పోనివ్వలేదు, కరుస్తుంది. 2002 డెర్బీ విజేత. జపాన్‌వాళ్ళు కోటీ డెబ్భై లక్షల డాలర్లు పోసి కొనుక్కుంటే, అది చాలావరకు ఆడగుర్రాలను దగ్గరికి రానివ్వలేదు. "ఇష్టం లేని సంసారం ఎట్ల చేస్తది" అని అమ్మ దాని పక్షమే వహించింది.

ఆమెకు అసలు సందేహం వేరే ఉంది. ఈ గుర్రాలు పరుగెత్తవు, బండి లాగవు, చాలావాటికి పిల్లలూ పుట్టరు. దాణా ఎవరిస్తారు? జనం పంపే విరాళాలతోనే నడుస్తుందని చెప్పింది పోస్టాఫీసు ఆమె.

"పని చెయ్యకుంటనే కూసోబెట్టి తిండి పెడుతున్నరా?" అమ్మ అంతా ఒకసారి కలయజూసింది. "మీ బాపును గూడ ఈడ్నే చేర్పియ్యి."

నేనిది మాత్రం అనువదించాను. బోలెడు నవ్వారు. బాపు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఊళ్ళో ఒక చిన్న హోటల్లో భోజనం. వడ్డించే పిల్ల అమ్మను "హనీ" అంది. అంటే ఏంటని అమ్మ అడిగితే, "బంగారం అన్నట్టు" అన్నా. మళ్ళీ వచ్చినప్పుడు అమ్మ ఆ పిల్ల చెయ్యి తట్టింది. వేయించిన క్యాట్‌ఫిష్, కార్న్‌బ్రెడ్. "గిది మక్కరొట్టె, జర చక్కెర ఎక్కువైంది" అని తేల్చింది. బాపు ఏల్-ఎయిట్ అనే ఇక్కడి అల్లం సోడా తాగి, గోలీసోడా అంత లేదన్నాడు, ఇంకోటి తెప్పించుకున్నాడు. ముగ్గురికి టిప్పుతో కలిపి 47 డాలర్లు.

దారి పొడుగునా బాపు నిద్రపోయాడు. చొక్కా చేతుల మీద గుర్రం చొంగ ఎండి గీతలు కట్టింది.

అక్టోబర్ 13, ఆదివారం – ఇల్లు

వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసేముందు అమ్మ జేబులు చూసింది. ముప్పై ఏళ్ళ అలవాటు. నేను పక్కనే ఇది రాసుకుంటున్నా. చీటీ తీసి వెలుతురుకు పట్టుకుని చూసింది. చింపి లేదు, మడత కూడా లేదు.

"ఓడిందా?" అని హాల్లోకి కేకేసింది.

"గెలిచింది" అన్నాడు బాపు.

"మరి పైసలు తేలేదేంది?"

హాల్లోంచి జవాబు రాలేదు. నేను సెక్రటేరియట్ సంగతి, ఆ 5,617 చీటీల సంగతి చెప్పాను. అమ్మ వింటూ, పెదాలు కదుపుతూ లెక్కేసింది.

"మూడు డాలర్ల అరవై. రెండు వందల యాభై రూపాయలు" అంది. చీటీని చీర కొంగుతో తుడిచి, చొక్కాను మెషీన్‌లో వేసి, ఊళ్ళోంచి తెచ్చుకున్న తన పాస్‌పోర్ట్ సంచీ జిప్పు తీసింది.